డెక్ ఆఫ్ మెనీ థింగ్స్ ఇచ్చి ఆటను చేజేతులా పాడుచేసుకున్నాను

పటమట_డీఎం:
ప్రతి ఆదివారం మా మేడ మీద ఆరుగురం డన్జన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి, పాచికలు వేస్తూ కథను సాగించే ఆట) ఐదో ఎడిషన్ ఆడుతున్నాము; కథ నడిపించే డీఎం (డన్జన్ మాస్టర్)ను నేనే. అందరూ పట్టుబట్టడంతో పాత్రల బలం ఇంకా ఐదో లెవెల్‌లో ఉండగానే డెక్ ఆఫ్ మెనీ థింగ్స్ అనే మాయ పేక కట్ట ఇచ్చాను; అందులో తీసిన ముక్కను బట్టి వరమో ఆపదో వస్తుంది. ఒక మిత్రుడు మూడు ముక్కలు తీస్తానని ప్రకటించి, మొదటి ముక్కకే ‘వాయిడ్’ తీశాడు. అతని పాత్ర ఆత్మ ఎక్కడో ఒక వస్తువులో బందీ అయింది; కోరిక తీర్చే విష్ మంత్రం సైతం ఆ వస్తువు ఉన్న చోటు చెప్పగలదే కాని ఆత్మను వెనక్కి తేలేదు. ఏడాదిగా పెన్సిల్‌తో దిద్దుకుంటూ వచ్చిన క్యారెక్టర్ షీటును (పాత్ర వివరాల కాగితాన్ని) నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, అతడు మాట్లాడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఏ లెవెల్‌లో ఏ వస్తువు ఇవ్వవచ్చో అనుభవజ్ఞులు చెప్పగలరా?

బ్రాడీపేట_బాణం:
నన్ను ఏడిపించినవి ఎగిరే శక్తినిచ్చే వింగ్డ్ బూట్స్. నియమాల పుస్తకం వాటిని ‘అన్‌కామన్’ (మరీ అరుదు కానివి) అంటుంది కాని, నాలుగు గంటలు ఎగరగలిగినవాడికి నేను రాత్రంతా కూర్చుని గీసిన లోయలు, కోటగోడలు ఏపాటి అడ్డు? మమ్మల్ని గట్టెక్కించింది బయటికి చిన్నదైనా లోపల బోలెడు చోటుండే బ్యాగ్ ఆఫ్ హోల్డింగే. ఒక బ్యాగును మరో బ్యాగులో కుక్కి డ్రాగన్‌ను ఆస్ట్రల్ ప్లేన్ అనే వేరే లోకానికి పంపించాము.

గవర్నర్‌పేట_గ్రంథం:
ఇరవై ఏళ్లుగా ఆట నడుపుతున్నాను కనుక చెబుతున్నాను, అది చెల్లదు. హ్యాండీ హావర్‌శాక్ (మాయ సంచి), పోర్టబుల్ హోల్ (మడిచి తీసుకెళ్లే మాయ గుంత), లేదా అటువంటి వస్తువులు తమ లోపల సృష్టించే మాయ చోటులో బ్యాగును పెడితేనే రెండూ నశించి ద్వారం తెరుచుకుంటుంది. బ్యాగులో బ్యాగు అని ఎక్కడ ఉంది?

బ్రాడీపేట_బాణం:
‘అటువంటి వస్తువులు’ అని మీరే రాశారు కదండీ! 2014 నాటి పుస్తకం ప్రకారం తాను పదిహేను పౌండ్లే తూగుతూ ఐదు వందల పౌండ్లు, అంటే మా యార్డులో ఐదు మిర్చి టిక్కీల (బస్తాల) సరుకు, లోపల దాచుకునే బ్యాగు అటువంటిది కాకపోతే మరేది అవుతుంది? పైగా పది అడుగుల లోపు నిలబడిన మా దొంగ పాత్ర కూడా డ్రాగన్‌తో పాటే ఆ ద్వారంలోకి పోయింది. మేము ఉచితంగా గెలవలేదు.

గవర్నర్‌పేట_గ్రంథం:
నియమాన్ని టిక్కీలతో తూచకండి. ఈ డెక్ 1975 నాటి ‘గ్రేహాక్’ అనే నియమాల అనుబంధ పుస్తకం నుంచీ ఉంది. అప్పటి నుంచి ఇటువంటి సొంత అర్థాలే ఎన్నో ఆటలను ముంచాయి.

అరండల్‌పేట_అక్క:
బ్యాగుల గొడవ కాసేపు ఆపండి. శపించిన వస్తువు అంతకన్నా ప్రమాదకరం. మా డీఎం నాకు బెర్సర్కర్ యాక్స్ అనే గొడ్డలి ఇచ్చాడు. వస్తువు గుణాలు తెలిపే ఐడెంటిఫై మంత్రంతో చూసినా శాపం బయటపడలేదు, ఎందుకంటే నియమమే అంత. దెబ్బ తగిలినప్పుడు సేవింగ్ త్రో (శాపాన్ని తట్టుకోవడానికి వేసే పాచిక) తప్పితే, దగ్గరున్నది ఎవరైనా నరకవలసిందే. నా పక్కన నిలబడినది నాకు వైద్యం చేయడానికి వచ్చిన క్లెరిక్ (పూజారి). ఆ పాత్ర మా చెల్లెలిది. రెండు నెలలు తను నాతో ఆటకు కూర్చోలేదు. శాపం ఉండవచ్చునని ముందే చిన్న సూచనైనా ఇవ్వని డీఎంను నేను ఇప్పటికీ సమర్థించలేను.

గవర్నర్‌పేట_గ్రంథం:
సూచన ఇస్తే అది శాపం ఎలా అవుతుంది?

అరండల్‌పేట_అక్క:
ఆ మాట మా చెల్లెలితో చెప్పండి.

పటమట_డీఎం:
అక్కా, మీ మాట చదివాక డెక్‌ను కథలోంచి తీసేశాను. ఆత్మ ఉన్న పెట్టెను మన ఉండవల్లి వంటి నాలుగంతస్తుల గుహలో దాచాను. మిత్రుడికి ఫోన్ చేశాను. పెట్టె దొరికేదాకా వేరే పాత్రతో ఆడతానని, ఈ ఆదివారం వస్తానని అన్నాడు.