రాచపుండులో ‘రాచ’ ఎక్కడిది?

హనుమకొండ సభ్యుడు:
నేను క్యాన్సర్ మరణాల లెక్కల మీద పరిశోధన చేస్తున్నాను. ఆసుపత్రి కాగితాలు లేకుండా ఇంట్లోనే పోయినవారి గురించి మా పరిశీలకుడు ఇంటివారిని అడిగి వ్రాసుకొస్తే, ఆ కథనాన్ని ఇద్దరు వైద్యులు విడివిడిగా చదివి మరణకారణాన్ని నిర్ణయిస్తారు. పరకాల వైపు ఒక పెద్దావిడను అడిగి వ్రాసుకొచ్చిన పత్రంలో ‘రాచపుండు వచ్చి మరణించారు’ అని మాత్రమే ఉన్నది. అది చదివినప్పటి నుంచి మా నాయనమ్మ తన అన్నను తలచుకొని ‘రాచపుండు లేసి పోయిండు’ అనడం చెవిలో మోగుతున్నది. ఆ మాటకు ముందు ‘వీపుల’ అనేదో ‘నోట్ల’ అనేదో ఎంతకూ గుర్తుకు రావడం లేదు. వీపైతే అది చక్కెరవ్యాధి ఉన్నవారికి తరచుగా లేచే కార్బంకుల్ అనే చీముగడ్డ కావచ్చును, వ్యాధుల వర్గీకరణ పదో కూర్పులో దాని చోటు ఎల్02. నోరైతే క్యాన్సర్, సి అక్షరం కింది వర్గం. అసలు ‘రాచ’ అన్నదానికి ఇక్కడ అర్థమేమిటి?

జనగామ సభ్యుడు:
రాజు సమాసంలో రాచ అవుతుంది. రాచనగరు, రాచబాట, రాచ ఉసిరి చూడండి. పుండ్లలోకెల్లా పెద్దది రాచపుండు. ఇందులో చర్చకు తావే లేదు.

కరీంనగర్ సభ్యురాలు:
తావు ఉన్నదండీ. రాచుకొనడం అనే క్రియను మరచిపోతున్నారు. జర్దా దవడలో ఒకేచోట అదిమి పెట్టుకునేవారికి సరిగ్గా అక్కడే పుండు పడుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట మండే కొసను నోటిలోపలికి పెట్టుకొని అడ్డపొగ తాగేవారికి అంగిట్లో క్యాన్సర్ రావడం వైద్యులు ఏనాడో గుర్తించినదే. ఒరిపిడి తగిలిన చోటి పుండు కనుక రాచపుండు.

జనగామ సభ్యుడు:
ధాతువు నుంచి వచ్చి ఉంటే ‘రాచుపుండు’ కావాలి గాని ‘రాచపుండు’ ఎట్లా అవుతుంది? ఆ చివరి అకారానికి సమాధానం చెప్పండి. పైగా జర్దా రాచుకొని పుండు చేయదు, అందులోని రసాయనాలు చేస్తాయి.

ములుగు సభ్యుడు:
క్షయకు రాజయక్ష్మమని పేరు రావడానికి నక్షత్రాలకు రాజైన చంద్రుడికి అది పట్టిందని చరకుడు కథ చెప్పినాడు. కనుక జనగామవారి పక్షమే నాది, కాని ‘పెద్దది’ అన్న అర్థానికి మాత్రం ఒప్పుకోను. ఇంకొక ముచ్చట. సుశ్రుతుడు కంతికి వాడిన అర్బుదమే లీలావతి గణితంలో పది కోట్ల సంఖ్యకు పేరు. రోగానికీ లెక్కకూ ఒకే మాట దొరికిన తరువాత పరిశోధకులవారు రాచపుండు కోసం ఎందుకు వెదకడం?

హనుమకొండ సభ్యుడు:
ఎవరూ ‘మా మామకు అర్బుదం’ అని చెప్పరు కదండీ, అందుకే. జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ కార్యక్రమం 1981లో మొదలైనా, హైదరాబాదు జనాభా రిజిస్ట్రీ, అంటే అక్కడివారి క్యాన్సర్ కేసులన్నింటినీ నమోదు చేసేది, 2014లో గాని రాలేదు. అటువంటి రిజిస్ట్రీ లేని పల్లెలో పాత మరణం గురించి నాకు మిగిలేది ఇంటివారు పలికిన మాట ఒక్కటే. కార్బంకుల్‌ను క్యాన్సర్‌గా వ్రాసుకుంటే ఒక లెక్క పెరుగుతుంది, చక్కెరవ్యాధి లెక్క ఒకటి తగ్గుతుంది.

జగిత్యాల సభ్యుడు:
కాళోజీ ఊళ్లో ఉండి ఈ ప్రశ్నా? బడిపలుకులు కాదు, పలుకుబడులు కావాలని ఆయన మొత్తుకున్నది ఇందుకే. చివరికి తన దేహాన్ని కూడా కాకతీయ వైద్య కళాశాలకే ఇచ్చిన మనిషి, ఈనాడు ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఆయన పేరున్నది. మీరందరూ ‘రాచ’ను పట్టుకొని వేలాడుతున్నారు గాని గుట్టు క్రియలో ఉన్నది. మా దిక్కు గడ్డ, కురుపు ‘లేస్తది’. నోట్ల పుండు మాత్రం ‘పడ్తది’. నాయనమ్మగారు ‘లేసి’ అన్నారంటే వీపే.

కరీంనగర్ సభ్యురాలు:
మా అమ్మగారింట్లో రొమ్ముల గడ్డ కూడా ‘లేసింది’ అనే అంటారు.

జగిత్యాల సభ్యుడు:
అది గడ్డ కనుక. పుండు సంగతి చెప్పండి. పరకాల పెద్దావిడ అన్నది ‘లేసి’నా, ‘పడి’నా?

హనుమకొండ సభ్యుడు:
పత్రంలో ‘వచ్చి’ అని ఉన్నది. ఆమె ‘వచ్చి మరణించారు’ అని ఉండదు, అది మా పరిశీలకుడి బడిపలుకు. ఆమె ఏమన్నదో అతనికిప్పుడు జ్ఞాపకం లేదట.

జనగామ సభ్యుడు:
కరీంనగర్ వారు అకారం గురించి ఇంకా జవాబు చెప్పలేదు.