కార్పొరేటర్ అభ్యర్థి కరపత్రం చదివాను, ఇందులో ఆయన చేతిలో ఉన్నవేవి?

పెన్న ఒడ్డు టైలరక్క:
అందరికీ నమస్తే. మాది నెల్లూరు వెంకటేశ్వరపురం. ఇంటి ముందు మిషన్ వేసుకుని జాకెట్లు కుడతాను. మా డివిజన్‌లో కార్పొరేటర్‌గా నిలబడతానంటున్న కుర్రాడు మొన్న కరపత్రాలు పంచాడు. మర్యాదస్తుడే. "అక్కా, చదివి ఏమనిపించిందో చెప్పండి" అన్నాడు. అందుకే చదివాను, లేకపోతే పొట్లాలకు వాడుకునేదాన్ని.

టిడ్కో ఇల్లు, అదే పేదలకు ప్రభుత్వం కట్టే అపార్ట్‌మెంట్ ఇల్లు, రానివాళ్లందరికీ ఇప్పిస్తాడట. ఏటి గట్టు వెంట గుడిసెలున్నవాళ్లకు పట్టాలట. భద్రత కింద సందుసందుకీ సీసీ కెమెరా, గంజాయి బ్యాచ్‌ల మీద నిఘా. అభివృద్ధికైతే సగం పేజీ రాశాడు: హైవే వైపు కొత్త లేఅవుట్లు, అపార్ట్‌మెంట్లకు వెంటనే ప్లాన్లు.

వరద మాట ఒక్కచోట కూడా లేదు. 2021 నవంబరులో పెన్న మీది సోమశిల డ్యాం నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైన వదిలితే మా వైపు కాలనీల్లోకి ఏరు వచ్చేసింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కిందే కట్ట కొట్టుకుపోయింది. నా మిషన్ మోటారు బురదలో పోయింది, కస్టమర్ల పట్టుచీరలు రెండు పాడైతే డబ్బులు కట్టుకున్నాను. మాకు భద్రత అంటే ముందు అది కదా!

ఆదివారం మళ్లీ వస్తానన్నాడు. ఏం అడగమంటారు?

మూలాపేట పెద్దాయన:
అమ్మా, నేను మున్సిపాలిటీలో చేసి రిటైరయ్యాను. టిడ్కో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. కార్పొరేటర్ మీ తరఫున అర్జీ పట్టుకుని తిరగగలడు, ఇల్లు మాత్రం ఇవ్వలేడు. పట్టా రెవెన్యూ వాళ్ల పని. అందులోనూ ఏటి పోరంబోకు, కాలవ గట్టు, చెరువు స్థలం అభ్యంతరకరమైన భూముల కిందికొస్తాయి. క్రమబద్ధీకరణ జీవో ఎప్పుడొచ్చినా అభ్యంతరం లేని స్థలాలకే వర్తిస్తుంది. గట్టు మీది వాళ్లకు పట్టా అని ఆశ పెట్టడం తప్పు. వాళ్లకు వేరేచోట ఇల్లు అడగాలి. ప్లాన్లు టౌన్ ప్లానింగ్ వాళ్లు చూస్తారు. కెమెరాలు పోలీసుల సంగతి.

మరి కార్పొరేటర్‌కి ఏముంది అంటారా? కౌన్సిల్‌లో 54 మందిలో ఆయనొకడు. ప్రశ్న వేయగలడు, తన డివిజన్ పనిని అజెండాలో పెట్టించగలడు, బడ్జెట్ ఆమోదించే రోజు గొంతెత్తగలడు. వీధిదీపం, కుళాయి, కాలవ పూడిక, ఇవీ ఆయన వెంటపడి చేయించాల్సినవి. చిన్న పనులని తీసిపారేయకండి. 2015 నవంబరు వానలకు మన ఊరు ఎట్లా మునిగిందో తెలుసుగా. అప్పుడు ఏరు పొంగి కాదు, కాలవలు పూడిపోయీ, ఆక్రమించీ. పూడిక తీయించేవాడైతే ఓటెయ్యండి.

మూడో అంతస్తు:
నేను టిడ్కోలోనే ఉంటున్నా. ఇల్లు గట్టిదే. కానీ మాది 430 చదరపు అడుగుల ఇల్లు, బ్యాంకు లోను ఉంది. తాళం చేతికి రాకముందే కంతులు కట్టమని ఫోన్లు మొదలయ్యాయి. ఊరికి దూరం, రాత్రి తొమ్మిది దాటితే ఆటో దొరకదు. మా ఆవిడ షాపులో పనిచేసి వస్తుంది, దారిలో చాలా స్తంభాలకు లైటు వెలగదు. ఇళ్లు ఇప్పిస్తా అనేవాణ్ణి బస్సు, లైటు సంగతి కూడా అడగండక్కా.

లేఅవుట్ తమ్ముడు:
అందరూ అభివృద్ధి మీద పడితే ఎట్లా? నేను ప్లాట్లు అమ్మే పనిలో ఉన్నా. ఊరు పెరగకపోతే మా వయసోళ్లు చెన్నై బండెక్కాల్సిందే. అప్రూవ్డ్ లేఅవుట్‌లో రోడ్లు, డ్రైన్లు, ఖాళీ స్థలం వదలాల్సిందే. అనుమతి లేకుండా వేసేవాళ్లతోనే చిక్కు.

పెన్న ఒడ్డు టైలరక్క:
తమ్ముడూ, నీ మాట కొంత నిజమే. మా పిల్లాడూ చెన్నైలోనే ఉన్నాడు. కానీ లేఅవుట్ లోపల డ్రైన్ కట్టి దాన్ని ఎక్కడ కలుపుతున్నారు? మా వెనక వైపు పల్లపు చేనును గ్రావెల్ తోలి ఎత్తు చేశారు. అప్పట్నుంచి చిన్న వానకే మా సందులో మోకాలి లోతు నీళ్లు. అనుమతి ఉందో లేదో నాకు తెలియదు, నీళ్లు మాత్రం మా ఇంట్లోకొచ్చాయి.

పెద్దాయనా, మీరు చెప్పాక పట్టాల సంగతి గట్టు మీది మా పెద్దమ్మకు చెప్పాను. "ఎన్నికలప్పుడన్నా అడగనీ మేయ్" అని నవ్వింది. ఆమె అడుగుతుందట, నేను ఆపను.

నేను అడిగేది ఇది: మా వెనక కాలవ ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తుందో నాతో నడిచి చూస్తావా, వానలకు ముందే పూడిక పనిని కౌన్సిల్‌లో పెట్టిస్తానని కరపత్రం వెనక రాసి సంతకం పెడతావా? ఇంకేమన్నా కలపాలా?

మూలాపేట పెద్దాయన:
మీ వార్డు సచివాలయంలో కుళాయిలు, కాలవలు, దీపాల పని చూసే ఎమినిటీస్ సెక్రటరీకి ఇప్పుడే అర్జీ ఇచ్చి రసీదు తీసుకోమ్మా. ఆదివారం అది చేతిలో పెట్టుకుని మాట్లాడు. ఒక జిరాక్స్ కుర్రాడికి ఇవ్వు, ఒరిజినల్ ఇవ్వొద్దు.