పక్షుల ఫోటోల ఎడిటింగ్‌కి పాత సిస్టమ్ చాలట్లేదు, ముందు ఏది మార్చాలి?

పొద్దుపిట్ట:

అందరికీ నమస్కారం. నేను ఎక్కువగా పక్షుల ఫోటోలు తీస్తాను. ఉద్యోగం కాదు, ఇష్టం, కానీ వారానికి రెండు తెల్లవారుజాములు దానికే పోతాయి. నాలుగు నెలల కిందట 24 మెగాపిక్సెల్ కెమెరా నుంచి 45 మెగాపిక్సెల్ కెమెరాకి మారాను, అప్పటి నుంచి కంప్యూటర్ ముందు కూర్చోవాలంటేనే టెన్షన్‌గా ఉంటోంది.

నా దగ్గరున్నది ఏడో తరం ఐ5 డెస్క్‌టాప్, నాలుగు కోర్లు, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఎడిటింగ్‌కి లైట్‌రూమ్ క్లాసిక్, అప్పుడప్పుడు ఫోటోషాప్ వాడతాను. ఒక ఫోటో నుంచి పక్క ఫోటోకి వెళ్తే మసకగా కనిపించి, స్పష్టంగా రావడానికి ఆరేడు సెకన్లు పడుతోంది. ఒక్క ఉదయానికి 800 ఫోటోలు వస్తాయి, వాటిలో మంచివి ఏరుకోవడానికే రెండు రాత్రులు పోతున్నాయి. మాస్క్ బ్రష్‌తో (ఫోటోలో కొంత భాగాన్నే మార్చడానికి వాడేది) రెక్క మీద గీస్తే, నేను గీయడం ఆపేశాక అది కదులుతుంది. చీకట్లో తీసినవి ఐఎస్ఓ 6400లో (వెలుగు సున్నితత్వం బాగా పెంచి) ఉంటాయి కాబట్టి డీనాయిజ్, అంటే చుక్కచుక్కలుగా వచ్చే నాయిజ్‌ని తీసేయడం, తప్పనిసరి, అది ఒక్కో ఫోటోకి పన్నెండు నిమిషాలు చూపిస్తోంది.

ఫ్రెండ్ ఒకడు ఉన్న డబ్బంతా పెట్టి పెద్ద గ్రాఫిక్స్ కార్డు తీసుకో, అన్నీ సర్దుకుంటాయి అంటున్నాడు. ఇంకొకరు ఇది పక్కన పెట్టేసి మంచి ల్యాప్‌టాప్ కొనుక్కో అంటున్నారు. నాకు 4కే మానిటర్ మీద కూడా మనసుంది. అన్నీ ఒకేసారి కొనలేను. ఏది ముందు, ఏది తర్వాత? ఈ పని నిజంగా చేసేవాళ్లు చెప్పండి.

పాతలెన్సు:

ఏదీ కొనకముందు ఒక పని చేయండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి పక్కన పెట్టుకుని, మీకు ఎక్కడ విసుగొస్తోందో సరిగ్గా ఆ పనే చేయండి. ఫోటోలు వరసగా మార్చండి, బ్రష్ గీయండి, డీనాయిజ్ పెట్టండి. ఒక్కో పనికి ప్రాసెసర్, మెమరీ, డిస్క్, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్, విడి కార్డు లేకపోతే ప్రాసెసర్‌లోనే ఉంటుంది), ఈ నాలుగింటిలో ఏది పైకి వెళ్లి అక్కడే కూర్చుంటోందో రాసుకోండి. మీవి మూడు వేర్వేరు జబ్బులు, వాటికి మందు ఒకటే అనుకుంటే డబ్బు వృథా అవుతుంది.

నా అంచనా అయితే మొదటి రెండూ ర్యామ్, డిస్క్ వల్లే. లెక్క చూడండి. 45 మెగాపిక్సెల్ అంటే నాలుగున్నర కోట్ల పిక్సెళ్లు. రా ఫైల్ (కెమెరా సెన్సర్ నుంచి నేరుగా వచ్చే ఫైల్) డిస్క్ మీద దాదాపు 50 ఎంబీయే ఉండొచ్చు, కానీ ఫోటోషాప్‌లో 16 బిట్‌లో తెరిస్తే ఒక్కో పిక్సెల్‌కి మూడు రంగులు, ఒక్కో రంగుకి రెండు బైట్లు, మొత్తం 270 ఎంబీ. అది ఒక్క లేయరే. నాలుగు లేయర్లు పెడితే ఒక జీబీ దాటిపోతుంది, దానిమీద హిస్టరీ వేరే, చేసిన మార్పుల్లో వెనక్కి వెళ్లడానికి మామూలుగా 50 మెట్లు గుర్తుపెట్టుకుంటుంది. మీ 8 జీబీలో విండోస్, బ్రౌజర్, లైట్‌రూమ్ పోగా మిగిలేది ఎంత? చోటు చాలనప్పుడు అది డిస్క్ మీదికి రాయడం మొదలుపెడుతుంది, మీ డిస్క్ తిరిగే డిస్క్, అక్కడే అంతా ఆగిపోతుంది. ఈ రోజుల్లో 16 జీబీ అంటే ఎలాగోలా నెట్టుకురావచ్చు, 45 మెగాపిక్సెల్‌కి మాత్రం 32 పెట్టుకోండి. ఒకే పెద్ద స్టిక్ కాకుండా రెండు 16లు వేస్తే డ్యూయల్ ఛానెల్‌లో, అంటే రెండు దారుల్లో ఒకేసారి, నడుస్తుంది.

చీకటిగది:

పైన చెప్పింది నిజమే, కానీ డీనాయిజ్ సంగతి వేరు, అక్కడ మీ ఫ్రెండ్ చెప్పిందాంట్లో కొంత నిజం ఉంది. లైట్‌రూమ్‌లో ఏఐ డీనాయిజ్ 2023లో వచ్చింది, అది దాదాపు మొత్తం జీపీయూ మీదే నడుస్తుంది. ర్యామ్ 64 చేసినా ఆ పన్నెండు నిమిషాలు పెద్దగా తగ్గవు. విడి కార్డు పెడితే అదే పని సెకన్లలోకి వస్తుంది. నేను కార్డు వేసిన రోజు ఒక్కో ఫోటోకి పది నిమిషాలకి పైగా పట్టేది అర నిమిషానికి వచ్చింది, ఆ రాత్రి పాత ఫోల్డర్లన్నీ తవ్వి, నాయిజ్ వల్ల పక్కన పెట్టేసిన గుడ్లగూబ ఫోటోలన్నీ మళ్లీ తీశాను.

అలాగని పెద్ద కార్డు అక్కర్లేదు. గేముల కోసం కొనేవాళ్లు చూసే లెక్కలు మనకి పనికిరావు. కార్డు మీద 8 జీబీ మెమరీ ఉందా లేదా అన్నది చూడండి, డీనాయిజ్‌కి అంత ఉంటే నిశ్చింత. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ కార్డుల్లో టెన్సర్ కోర్లు ఉంటాయి, ఇలాంటి ఏఐ పనులకి అవి బాగా కలిసొస్తాయి. మధ్యస్థం కార్డుకీ అన్నిటికన్నా పైదానికీ తేడా మన పనిలో కొన్ని సెకన్లే. ఫోటోషాప్‌లో మామూలు పనులు చాలావరకు ఇప్పటికీ ప్రాసెసర్ మీదే ఆధారపడతాయి, అందులోనూ ఒక్కో కోర్ ఎంత వేగం అన్నదే ముఖ్యం, కార్డు మార్చినంత మాత్రాన అవి పరిగెత్తవు.

కొనేముందు క్యాబినెట్ మూత తీసి పవర్ సప్లై మీద ఎన్ని వాట్లు రాసి ఉందో, కార్డుకి పెట్టే అదనపు కనెక్టర్ ఉందో లేదో చూసుకోండి. కార్డు పొడవు క్యాబినెట్‌లో పడుతుందా అన్నది కూడా టేపుతో కొలిచి చూడండి.

మూడోరంగు:

అందరూ వేగం గురించే మాట్లాడుతున్నారు, మానిటర్ గురించి నేను చెప్తాను, ఎందుకంటే ఆ దెబ్బ నేను తిన్నాను.

రెండేళ్ల పాటు ఆఫీసు పనికి కొన్న మామూలు మానిటర్ మీదే ఎడిట్ చేశాను. ఒకసారి పన్నెండు ఫోటోలు పెద్ద సైజులో ప్రింట్ వేయించాను. చేతికొచ్చాక చూస్తే అన్నీ చీకటిగా ఉన్నాయి. కింగ్‌ఫిషర్ ఛాతీ మీద తెలుపు బూడిద రంగులో ఉంది, వెనక నీడలో ఉన్న కొమ్మ అసలు కనిపించలేదు. ల్యాబ్ వాళ్లదే తప్పనుకుని వాళ్లతో గొడవ పడ్డాను కూడా. తప్పు వాళ్లది కాదు. నా మానిటర్ బ్రైట్‌నెస్ పూర్తిగా పైకి పెట్టి ఉంది, స్క్రీన్ మీద వెలుగుగా కనిపిస్తోంది కదా అని నేనే ఫోటోల వెలుగుని కిందికి లాగేశాను. ప్రింట్ కోసమైతే మానిటర్ వెలుగు చదరపు మీటరుకి 80 నుంచి 120 క్యాండెలాల మధ్య పెట్టమంటారు, కొత్త మానిటర్లు డబ్బాలోంచి తీసినప్పుడు దానికి రెట్టింపు పైనే ఉంటాయి.

కాబట్టి ఐపీఎస్ ప్యానెల్ తీసుకోండి, తల కొంచెం పక్కకి జరిగితే రంగు మారిపోయేది వద్దు. ఎస్ఆర్‌జీబీ (స్క్రీన్ల మీద మామూలుగా వాడే రంగుల పరిధి) 100 శాతం దగ్గర ఉండాలి. నెట్‌లో, ఫోన్లలో చూపించడానికి అది చాలు. అడోబీ ఆర్‌జీబీ అంటే ఇంకా వెడల్పు, ముఖ్యంగా ఆకుపచ్చ, నీలి పచ్చ వైపు. రామచిలుకల ఫోటోలు ప్రింట్ వేసేవాళ్లకి ఆ తేడా కళ్లకి తెలుస్తుంది. ప్రింట్ వేయకపోతే దాని కోసం డబ్బు పెట్టకండి. ఆ డబ్బుతో కాలిబ్రేటర్ కొనండి, స్క్రీన్ మీద పెడితే రంగులు కొలిచే చిన్న పరికరం అది. తెలుపు రంగు 6500 కెల్విన్, గామా (నడిమి వెలుగులు ఎలా కనిపించాలన్న సెట్టింగ్) 2.2 పెట్టి, మానిటర్ ఆన్ చేసిన అరగంట తర్వాత కాలిబ్రేట్ చేయండి. విండోస్‌లో నైట్ లైట్ (స్క్రీన్‌ని పసుపుగా మార్చేది) ఆన్‌లో ఉంటే ఆపేయండి, అది ఉంటే కాలిబ్రేట్ చేసి కూడా లాభం లేదు.

4కే గురించి ఒక మాట. 4కే అంటే 83 లక్షల పిక్సెళ్లు, ఫుల్ హెచ్‌డీకి సరిగ్గా నాలుగింతలు. స్లైడర్ జరిపిన ప్రతిసారీ లైట్‌రూమ్ అన్ని పిక్సెళ్లనీ మళ్లీ గీయాలి. మీ ఇప్పటి సిస్టమ్‌కి దాన్ని తగిలిస్తే ఇంకా నెమ్మదిస్తుంది. 27 అంగుళాల 2560 × 1440 మానిటర్ మీకు సరిగ్గా సరిపోతుంది అనిపిస్తోంది.

పొద్దుపిట్ట:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. పాతలెన్సు గారు చెప్పినట్టే కూర్చుని చూశాను. ఫోటోలు మార్చుతుంటే డిస్క్ 100 శాతం, కిందికి దిగడమే లేదు. మెమరీ 7.6 జీబీ దగ్గర ఆగిపోయింది. ప్రాసెసర్ మాత్రం 40, 50 మధ్యే. డీనాయిజ్ పెట్టినప్పుడు జీపీయూ 100. మీరందరూ చెప్పింది కళ్ల ముందే కనిపించింది.

అయితే ముందు తిరిగే డిస్క్ బదులు ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్), ర్యామ్. ఎస్ఎస్‌డీలోకి ఏం పెట్టాలి? నా ఫోటోలన్నీ కలిపి 900 జీబీ పైనే ఉన్నాయి, అన్నీ అందులో పట్టవు.

రెండోకాపీ:

అన్నీ పెట్టక్కర్లేదు. విండోస్, లైట్‌రూమ్, క్యాటలాగ్ (ఫోటోల చిట్టా, ఎడిట్ల రికార్డు), దాని ప్రివ్యూలు, కెమెరా రా క్యాష్ (తెరిచిన రా ఫైళ్ల సమాచారం తాత్కాలికంగా దాచే చోటు), ఇవి ఎస్ఎస్‌డీలో ఉండాలి. ఆ నెలలో తీసిన ఫోటోలు కూడా అందులోనే ఉంచి, పని అయిపోయాక హార్డ్ డిస్క్‌కి మార్చుకోండి, కాకపోతే లైట్‌రూమ్ లోపలి నుంచే మార్చండి, బయట ఫోల్డర్ జరిపితే ఫోటోలు కనపడట్లేదని క్వశ్చన్ మార్కులు వస్తాయి. క్యాష్ మామూలుగా 5 జీబీ ఉంటుంది, ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి 20, 30 చేయండి. మీ బోర్డు మీద ఎం.2 స్లాట్ (ఎస్ఎస్‌డీని నేరుగా బోర్డుకి గుచ్చే చోటు) లేకపోతే బెంగపడొద్దు. సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్‌లాగే కేబుల్‌తో తగిలించేది) సెకనుకి 500 ఎంబీ పైన చదువుతుంది, మీ డిస్క్ బాగా నడిచినప్పుడే 150 దాటడం కష్టం. అసలు తేడా ఆ అంకెల్లో కూడా లేదు, చిన్న చిన్న ముక్కలు అక్కడక్కడా వెతికి తీయడంలో ఉంది, ప్రివ్యూలంటే అవే కదా.

ఇంకోటి, ఏరడానికి రెండు రాత్రులు అన్నారు. ఇంపోర్ట్ చేసేటప్పుడు ప్రివ్యూల దగ్గర ఎంబెడెడ్ అండ్ సైడ్‌కార్ అని ఉంటుంది, అది పెట్టండి. కెమెరా రా ఫైల్ లోపల పెట్టిన జేపెగ్‌నే చూపిస్తుంది, కొత్తగా తయారు చేయదు. దీనికి పైసా ఖర్చు లేదు, ఈ రాత్రికే చేసి చూడండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఆ 900 జీబీకి రెండో కాపీ ఉందా? మీరు రాసిన పార్టుల్లో నాకు ఒక్క డిస్కే కనపడింది. నా ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకసారి బల్ల మీంచి పడింది, ఎత్తు రెండడుగులు కూడా లేదు. ప్లగ్ పెడితే టిక్ టిక్ అని చప్పుడు, అంతే. మా అమ్మ చివరి ఏడాది ఫోటోలు అందులో ఉన్నాయి. కొన్ని ఫోన్‌లో దొరికాయి, కొన్ని ఎప్పటికీ దొరకలేదు. మీరు ఏదైనా ముందు కొనాలంటే ఒక పెద్ద హార్డ్ డిస్క్ కొని మొత్తం కాపీ చేసి, వేరే ఇంట్లో పెట్టండి. కార్డు తర్వాత వస్తుంది.

పాతలెన్సు:

ఒక జాగ్రత్త చెప్పడం మర్చిపోయాను. మీ బోర్డులో పట్టేది చాలావరకు డీడీఆర్4 ర్యామ్. రేపు కొత్త సిస్టమ్ కొంటే అది డీడీఆర్5 కావచ్చు, ఈ స్టిక్కులు అందులో పట్టవు. పైగా ఏడో తరం ప్రాసెసర్లలో చాలావాటికి విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. కాబట్టి ఈ బోర్డు మీద ఖర్చు పెట్టేటప్పుడు కొత్తదానికి వెంట వచ్చేవి ఏవో చూసుకోండి. ఎస్ఎస్‌డీ వస్తుంది, కార్డు వస్తుంది, మానిటర్ వస్తుంది, బ్యాకప్ డిస్క్ వస్తుంది. ర్యామ్ ఒక్కటే రాదు, అందుకని అది సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే మేలు.

చీకటిగది:

ల్యాప్‌టాప్ ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. బయట ప్రయాణాల్లో ఎడిట్ చేయాల్సిన అవసరం ఉంటేనే కొనండి. చాలా ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకి అతికించే వస్తుంది, మ్యాక్‌బుక్‌లలో అయితే తర్వాత పెంచుకునే దారే లేదు, కొన్న రోజు ఎంతో చివరిదాకా అంతే. డెస్క్‌టాప్ ఉన్నవాళ్లు దాన్ని వదులుకోకండి.

పొద్దుపిట్ట:

మూడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. మొదట బ్యాకప్ డిస్కే కొన్నాను. కాపీ అవడానికి ఒక రాత్రి, సగం పగలు పట్టింది, ఇప్పుడది మా అక్క వాళ్లింట్లో ఉంది. తర్వాత సాటా ఎస్ఎస్‌డీ, పాత ర్యామ్ రెండు 16లు వేశాను. బాణం నొక్కగానే పక్క ఫోటో వచ్చేస్తోంది, బ్రష్ చేతితో పాటే కదులుతోంది. మొన్న ఆదివారం 740 ఫోటోలు రెండు గంటల్లో ఏరేశాను. డీనాయిజ్ మాత్రం ఇంకా పన్నెండు నిమిషాలే. మూత తీసి చూస్తే పవర్ సప్లై 450 వాట్లు, ఆరు ప్లస్ రెండు పిన్నుల కనెక్టర్ ఒకటి ఖాళీగా వేలాడుతోంది. చీకటిగది గారూ, దీనికి సరిపోయే 8 జీబీ కార్డు ఏదో చెప్తారా? టేపు పెట్టి కొలిచాను, లోపల 27 సెంటీమీటర్ల చోటుంది.