అప్‌డేట్: పాస్‌వర్డ్ రెజెక్స్ పనిచేసింది, కానీ రూలే మార్చేశా

చీమకుర్తి గ్రానైట్ యార్డు స్టాక్ లాగిన్‌కి పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, సింబల్ ఏ వరసలో ఉన్నా పైథాన్‌లో ఒకే ప్యాటర్న్‌తో (రెజెక్స్, అంటే టెక్స్ట్ ఏ రూపంలో ఉండాలో చెప్పే సూత్రం) ఎట్టా చెక్ చేయాలని అడిగా కదా, దాని అప్‌డేట్ ఇది. లుక్‌అహెడ్ వాడమన్నోళ్ళకి చాలా థ్యాంక్స్ అబ్బా. అంటే ప్యాటర్న్ మొదట్లో (?=.*[0-9]) పెడితే ముందుకి చూసి అంకె ఉందో లేదో తేల్చుకుని మళ్ళీ మొదటికే వస్తది, ఒక్క అక్షరం కూడా తినదు, అందుకే అట్టాంటివి ఎన్నైనా పక్కపక్కన పేర్చుకోవచ్చు. [0-9] బదులు బ్యాక్‌స్లాష్ డి (\d) పెడితే పైథాన్ 3లో ౧౨౩ లాంటి మన తెలుగు అంకెలు కూడా పాసైపోతాయి, చూసుకోండి. ప్యాటర్న్ చివర, ఇక్కడితో అయిపోవాలని చెప్పే డాలర్ గుర్తు ($) పెట్టినా పాస్‌వర్డ్ ఆఖర్లో ఒక న్యూలైన్ (ఎంటర్ కొడితే వచ్చేది) ఉంటే పట్టుకోకుండా పాస్ చేసేస్తది, పైథాన్‌లోని ఫుల్‌మ్యాచ్ (fullmatch) వాడితే ఆ గొడవ లేదు.

అసలు సంగతి టెస్టింగ్‌లో బయటపడింది. ఒంగోలు అని ఇంగ్లీషులో మొదటి అక్షరం క్యాపిటల్‌గా కొట్టి, పక్కన @123 తగిలిస్తే అన్ని రూల్సూ పాస్! యార్డులో సగం మంది పెట్టేది ఇట్టాంటిదే, ఎవడైనా ముందు ట్రై చేసేదీ ఇదే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ (NIST) 2017 గైడ్‌లైన్స్‌లో కూడా ఈ మిక్సింగ్ రూల్స్ పెట్టొద్దు, లీకైన పాస్‌వర్డ్‌ల లిస్టుతో పోల్చి చూడమనే ఉంది. అందుకని లుక్‌అహెడ్‌లన్నీ తీసేసి కనీసం 12 అక్షరాలు, మధ్యలో స్పేస్ ఓకే, లిస్టులో ఉంటే రిజెక్ట్, కారణం స్క్రీన్ మీద తెలుగులోనే చూపిస్తున్నా. హ్యాష్‌కి (పాస్‌వర్డ్‌ని వెనక్కి తీయలేని కోడ్‌గా మార్చి దాచడానికి) బీక్రిప్ట్ (bcrypt) అనే పద్ధతి వాడేవాళ్ళు 72 బైట్ల లిమిట్ గుర్తుపెట్టుకోండి, అక్షరాల్ని బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతం గుర్తుకి ఇంకో 3.