డెలివరీ తర్వాత పెల్విక్ ఫిజియోథెరపీకి వెళ్ళమన్నారు, అక్కడ అసలేం చేస్తారు?

బందరు_అమ్మాయి:

అందరికీ నమస్కారం. నాకు రెండో బాబు పుట్టి ఐదో నెల నడుస్తోంది. నార్మల్ డెలివరీ, కుట్లు కూడా పడ్డాయి. అప్పటినుంచి దగ్గినా తుమ్మినా కొంచెం యూరిన్ పడిపోతోంది. బాలింతను కదా, అదే సర్దుకుంటుందిలే అని ఊరుకున్నాను. పోయిన వారం పెద్దదాన్ని స్కూల్ బస్సు ఎక్కించడానికి పరుగెత్తి, ఇంటికొచ్చి బట్టలు మార్చుకోవాల్సి వచ్చింది. ఆ రోజు చాలాసేపు ఏడ్చాను. దీనికి తోడు కుడివైపు నడుం కింద, పిరుదు పైభాగంలో ఒకటే నొప్పి. పిల్లాడిని చంకనేసుకుని పది నిమిషాలు నిలబడలేకపోతున్నాను.

అమ్మేమో నడికట్టు సరిగ్గా కట్టుకోలేదు, అందుకే ఇదంతా అంటుంది. అత్తయ్యగారు తనకి కూడా ముప్పై ఏళ్ళుగా ఇలాగే ఉందని మొన్న మొదటిసారి చెప్పారు, ఆడవాళ్ళకి ఇది మామూలేనమ్మా అన్నారు. డాక్టరమ్మ మాత్రం పరీక్ష చేసి, పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపీకి వెళ్ళు, ఆ నొప్పి కూడా వాళ్ళనే చూడమను అని చీటీ రాసిచ్చారు. విజయవాడలో అపాయింట్‌మెంట్ వచ్చే మంగళవారం.

ఫిజియో అంటే నాకు తెలిసింది నాన్నగారి భుజానికి కరెంటు పెట్టడం ఒక్కటే. దీనికేం చేస్తారు? లోపల పరీక్ష చేస్తారా? మగవాళ్ళు ఉంటారా? ఎన్ని సిట్టింగులు పడుతుంది? యూట్యూబ్‌లో చూసి రోజుకి వంద కీగెల్స్ (కింది కండరాలు బిగించి వదిలే వ్యాయామం) చేస్తున్నాను, తగ్గకపోగా సాయంత్రానికి కింద బరువుగా లాగుతున్నట్టు ఉంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది, వెళ్ళొచ్చిన వాళ్ళు ఉంటే చెప్పండి.

ఫిజియో_విశాఖ:

అమ్మా, నేను విశాఖలో ఫిజియోథెరపిస్టుని, ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) అయ్యాక ఎక్కువగా ఈ కేసులే చూస్తున్నాను. ముందు ఆ వంద కీగెల్స్ ఆపేయండి. మంగళవారం దాకా ఆపితే నష్టమేమీ లేదు. ఆ బరువుగా ఉండే సంగతి కూడా వాళ్ళకి తప్పకుండా చెప్పండి, గర్భసంచి ఏమైనా కిందికి జారుతోందేమో చూస్తారు.

మొదటి రోజు సగం పైగా మాటలే ఉంటాయి. బిడ్డ బరువెంత, కుట్లు ఎంతవరకు పడ్డాయి, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, మోషన్‌కి ముక్కాల్సి వస్తోందా, దగ్గితేనే పడుతోందా లేక అర్జెంటుగా అనిపించి బాత్రూంకి చేరేలోపే పడుతోందా, ఇవన్నీ అడుగుతారు. ఈ చివరి రెండూ ఒకటి కాదు, వాటి వైద్యం కూడా వేరుగా ఉంటుంది. భార్యాభర్తలు కలిసినప్పుడు నొప్పి ఉందా అని కూడా అడుగుతారు, దయచేసి దాచకండి. నా దగ్గరికొచ్చే వాళ్ళు అది మూడో సిట్టింగ్‌లో గానీ చెప్పరు, అప్పటిదాకా మేం చేయించిన వ్యాయామాలు మార్చాల్సి వస్తుంది.

తర్వాత ఒంటిని చూస్తారు. ముందుకు వంగమంటారు, ఒంటికాలి మీద నిలబడమంటారు, పడుకోబెట్టి తుంటిని అటూ ఇటూ తిప్పుతారు, బొడ్డు దగ్గర వేళ్ళు పెట్టి తల కొంచెం ఎత్తమని పొట్ట కండరాల మధ్య ఎంత ఎడం వచ్చిందో కొలుస్తారు. నడుం నొప్పికీ యూరిన్‌కీ ఏం సంబంధం అని అందరూ అడుగుతారు. పెల్విక్ ఫ్లోర్ అంటే ముందు జఘనాస్థి నుంచి వెనక తోకఎముక దాకా ఉయ్యాలగుడ్డలా కట్టిన కండరాలు. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం అన్నీ ఆ గుడ్డ మీదే ఆగుతాయి. తుంటిని తిప్పే ఒక కండరం లోపలివైపు వీటిని ఆనుకునే ఉంటుంది, దాని పైపొరకే ఈ కండరాలు కొంతమేర అతుక్కుని ఉంటాయి కూడా. అందుకే తుంటీ, నడుమూ చూడకుండా కింది కండరాలొక్కటే చూసి పంపిస్తే సగం పనే అయినట్టు.

లోపల పరీక్ష గురించి భయపడకండి. డాక్టర్ల దగ్గర పెట్టే ఇనుప పరికరం ఉండదు. గ్లవ్స్ వేసుకుని, జెల్ రాసుకుని ఒక్క వేలితో చూస్తారు. బిగించండి, వదలండి అంటారు, బలానికి 0 నుంచి 5 వరకు మార్కు వేస్తారు, ఏ పక్క నొక్కితే నొప్పో అడుగుతారు. మీ అనుమతి లేకుండా చేయకూడదు. ఈ రోజు వద్దు అనవచ్చు, మధ్యలో ఆపమనవచ్చు, పైనుంచి చూసి గానీ పొట్ట మీద అల్ట్రాసౌండ్ పెట్టి గానీ కొంతవరకు తెలుసుకోవచ్చు. ఆడ ఫిజియోనే కావాలని ముందే ఫోన్ చేసి చెప్పండి, తోడుగా అమ్మని గదిలో ఉంచుకోవచ్చు.

కీగెల్స్ గురించి ఇంకొక్క మాట. 1948లో అమెరికాలో ఆర్నాల్డ్ కీగెల్ అనే గైనకాలజిస్టు ఈ వ్యాయామాల మీద రాశాడు, ఆయన పేరే ఉండిపోయింది. ఆయన కూడా ఊరికే బిగించమని చెప్పి పంపలేదు, సరిగ్గా బిగిస్తున్నారో లేదో పరికరం పెట్టి చూసేవాడు. ఇప్పుడు వీడియోల్లో ఆ చూడటమే పోయింది. కొందరు పైకి లాగాల్సింది పోయి కిందికి తోస్తారు, కొందరికి కండరం అసలే బిగుసుకుపోయి ఉంటుంది, వాళ్ళకి ముందు వదలడం నేర్పాలి. గ్యాస్‌నీ యూరిన్‌నీ ఒకేసారి ఆపుకుంటున్నట్టు లోపలికీ పైకీ లాగాలి, పిరుదులు బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. యూరిన్ పోస్తూ మధ్యలో ఆపడాన్ని మాత్రం వ్యాయామంగా చేయకండి.

దగ్గితే యూరిన్ పడిపోయే వాళ్ళకి దగ్గర ఉండి నేర్పించి కనీసం మూడు నెలలు చేయించాలని ఇంగ్లండ్‌లో నైస్ అనే సంస్థ మార్గదర్శకాల్లోనే ఉంది. కాబట్టి రెండు వారాలకి ఫలితం లేదని మానేయకండి. కాళ్ళ మధ్య స్పర్శ తెలియకపోయినా, యూరిన్ రాక ఆగిపోయినా, కాలు బలం తగ్గినా మాత్రం ఫిజియో కోసం చూడకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

డల్లాస్_తెలుగమ్మాయి:

అక్కా, మీ పోస్టు చదువుతుంటే రెండేళ్ళ కిందటి నేను కనిపించాను. ఇక్కడ డెలివరీ అయిన ఆరు వారాలకి చెకప్ ఉంటుంది, నాది కొద్ది నిమిషాల్లో అయిపోయింది, అంతా బాగుంది అన్నారు. నొప్పి ఉందని నేనే నోరు తెరిచి అడిగితే అప్పుడు రాసిచ్చారు.

మొదటిసారి గంటసేపు పట్టింది. తలుపున్న గది, కప్పుకోవడానికి దుప్పటి ఇచ్చి ఆవిడ బయటికెళ్ళారు. ప్లాస్టిక్ కటి ఎముక బొమ్మ చేతికిచ్చి ఏ కండరం ఎక్కడుందో వేలు పెట్టి చూపించారు, ముప్పై ఏళ్ళొచ్చాయి, నా ఒంట్లో అలాంటిదొకటి ఉందని అప్పుడే తెలిసింది. నాది మీకు వ్యతిరేకం, కండరాలు బిగుసుకుపోయి ఉన్నాయన్నారు. మొదటి నెలంతా ఒక్క కీగెల్ కూడా చేయించలేదు. కాళ్ళు కుర్చీ మీద పెట్టి పడుకుని, పొట్ట నిండేలా ఊపిరి తీసుకుంటూ కింద వదులుగా ఉంచడం, అంతే. ఇదేం వైద్యం అనిపించింది, కానీ ఐదో వారానికి కూర్చుంటే నొప్పి రావడం తగ్గింది. మొత్తం పది సార్లు వెళ్ళాను.

ఒకరోజు కారు సీటు పట్టుకు రమ్మన్నారు. పాపని ఎలా ఎత్తుతావో చూపించు అన్నారు. నేను ఊపిరి బిగబట్టి ఎత్తేదాన్నట, ఆ ఒత్తిడంతా కిందికే వెళ్తుందట. ఊపిరి వదులుతూ ఎత్తడం నేర్పించారు. మీ బాబుని ఎత్తేటప్పుడు ఒకసారి గమనించుకోండి.

అమెరికాలో ఉండి చదువుతున్న వాళ్ళకి: వెళ్ళే ముందే ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేసి ఎన్ని విజిట్లకి ఇస్తారు, డిడక్టిబుల్ (బీమా ఇవ్వడం మొదలయ్యేలోపు మనం కట్టాల్సింది) ఎంత మిగిలింది, డాక్టర్ చీటీ కావాలా అని అడగండి. నేను అడక్క మొదటి బిల్లు చూసి కంగారు పడ్డాను. ఫ్రాన్స్‌లో ఉండే మా చెల్లికైతే డెలివరీ తర్వాత డాక్టరే పది సిట్టింగులు రాసిచ్చారు, ఖర్చు అక్కడి ప్రభుత్వ బీమాయే పెట్టుకుంది. మన దగ్గర బాలింతకి పథ్యం పెడతాం, కాయం పెడతాం, నూనె రాసి స్నానం చేయిస్తాం, ఇంత శ్రద్ధ ఉన్న చోట ఇదొక్కటి ఎందుకు లేకుండా పోయిందా అని బాధగా ఉంటుంది.

ఓరుగల్లు_పెద్దాయన:

అమ్మాయీ, ఆడవాళ్ళ మధ్య మాట్లాడుతున్నానని అనుకోవద్దు. మగవాళ్ళకి కూడా ఈ కండరాలు ఉంటాయి. నాకు ప్రోస్టేట్ తీసేసే ఆపరేషన్ అయింది, ట్యూబ్ తీశాక లేచి నిలబడితే చాలు యూరిన్ ఆగేది కాదు, ప్యాడ్లు పెట్టుకునేవాణ్ణి. బయట పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాను. ఫిజియో దగ్గరికెళ్ళి నేర్చుకుని రోజూ చేస్తే నాలుగైదు నెలలకి ప్యాడ్ అవసరం పోయింది.

మా ఆవిడకి మోకాలు మార్చారు కాబట్టి ఆర్థో ఫిజియో సంగతి కూడా తెలుసు. మర్నాడే వాకర్ పట్టించి నిలబెట్టారు. ఇంటికొచ్చాక మొదట కుదిరినాయన రోజూ వచ్చి అరగంట కరెంటు పెట్టి వెళ్ళిపోయేవాడు, పదిహేను రోజులైనా మోకాలు 70 డిగ్రీలు దాటలేదు. తర్వాత వచ్చినమ్మాయి మిషన్ ముట్టుకోలేదు. మొదటి రోజే కోణం కొలిచి పుస్తకంలో రాసింది, కాలు నిటారుగా లేపించడం, మంచం అంచున కూర్చోబెట్టి వంచించడం చేసింది. మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకునేది, నాకు చూడలేక వరండాలోకి వెళ్ళేవాణ్ణి. ఆ అమ్మాయి ఒకటే చెప్పింది: చేసేటప్పుడు నొప్పి ఉండొచ్చు పెద్దమ్మా, మర్నాటికి మామూలైపోవాలి, కాకపోతే నాకు చెప్పండి తగ్గిస్తాను. ఇప్పుడు 115 దాకా వంగుతుంది. మీరు వెళ్ళిన చోట కూడా కొలిచి రాస్తున్నారా, ఇంట్లో చేయడానికి నేర్పిస్తున్నారా అన్నది చూసుకోండి.

బందరు_అమ్మాయి:

వెళ్ళొచ్చాను. మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు.

మేడమ్ ముప్పావుగంట మాట్లాడారు. ఫోన్‌లో చెప్పినట్టే ఏం తాగానో, ఎన్నిసార్లు ఎంత యూరిన్ వచ్చిందో మూడు రోజులు డైరీ రాసుకుని వెళ్ళాను, కొలిచే గ్లాసు పెట్టుకుని మరీ రాశాను. ఒక రోజులో పదమూడు సార్లు వెళ్ళానని అందులో తేలింది, చాలాసార్లు వంద మిల్లీలీటర్లే. బయటికెళ్ళే ముందు ఎందుకైనా మంచిదని వెళ్తున్నాను కదా, అలా అలవాటు చేస్తే నిండకముందే వచ్చినట్టు అనిపిస్తుందట. ఆ అలవాటు మెల్లగా మాన్పిస్తామన్నారు.

లోపల పరీక్షకి ఒప్పుకున్నాను, అమ్మ పక్కనే ఉంది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. బిగించమంటే బిగించాను, మేడమ్ నా చేతికి చిన్న అద్దం ఇచ్చి చూడమన్నారు. నేను పైకి లాగుతున్నాననుకుంటున్నాను, అద్దంలో చూస్తే కిందికి ఉబ్బుతోంది. రోజుకి వందసార్లు చేసింది అదన్నమాట! నాలుగైదు సార్లకి సరిగ్గా కుదిరింది, మార్కు 2 వేశారు. జారడం కొంచెమే ఉంది, కంగారు లేదన్నారు. ఇంటికి ఇచ్చినవి మూడే: మూడు సెకన్లు బిగించి ఆరు సెకన్లు వదలడం ఆరేసి సార్లు, దగ్గు వచ్చేముందే బిగించడం, తుంటికి ఒకటి. బాబుని ఎప్పుడూ కుడివైపే ఎత్తుకుంటున్నాను, రెండు పక్కలా మార్చమన్నారు.

ఇంటికొచ్చాక అత్తయ్యగారు వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరకి వేసి అన్నీ అడిగారు. అద్దం సంగతి కూడా చెప్పాను. కాసేపు పప్పు కలుపుతూ ఉండి, ఈ వయసులో నేను వెళ్తే చూస్తారా అన్నారు. ఆవిడకి అరవై రెండు. ఫిజియో గారూ, తీసుకెళ్ళవచ్చా?

ఫిజియో_విశాఖ:

తప్పకుండా తీసుకెళ్ళండి. అరవై దాటిన వాళ్ళకి కూడా బాగా తగ్గుతుంది. ముందు ఒకసారి గైనకాలజిస్టుకి చూపించి వెళ్ళండి, షుగర్, యూరిన్ ఇన్‌ఫెక్షన్ పరీక్షలు కూడా చేయించండి. వాడే మాత్రల చీటీలన్నీ పట్టుకెళ్ళమనండి, బీపీకి ఇచ్చే వాటిలో కొన్ని యూరిన్ ఎక్కువ వచ్చేలా చేస్తాయి. డైరీ రేపు పొద్దున్నుంచే మొదలుపెట్టించండి. తాగే టీ కూడా రాయమని చెప్పండి, అది చాలామంది లెక్కలో వేయరు.