అప్‌డేట్: రెండేళ్ల పాపతో క్రిస్మస్ అలంకరణలు

రెండేళ్ల పాపతో ఇంట్లోనే చేయగలిగే క్రిస్మస్ అలంకరణలు చెప్పమని పోయిన వారం అడిగాను కదా. మీరు చెప్పినవాటిలో మూడు చేసి చూశాం.

ఉప్పుపిండి బిళ్లలే అన్నిటికన్నా బాగా వచ్చాయి. రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, సుమారు కప్పు నీళ్లు. మొదటిసారి నీళ్లన్నీ ఒకేసారి పోసి జావ చేసుకున్నాను, అది వేరే సంగతి. అరచేయి అద్దబోతే పాప గుప్పిట బిగించేసింది. నిద్రపోయాక అద్దితే ఐదు వేళ్లూ చక్కగా పడ్డాయి. దారం కోసం రంధ్రం మాత్రం పచ్చిగా ఉండగానే స్ట్రాతో చేయాలి. మరిచిపోయి ఎండాక గుచ్చిన బిళ్ల రెండు ముక్కలైంది. ఓవెన్‌లో 100 డిగ్రీల దగ్గర మూడు గంటలు పట్టింది. ఆ పిండిలో ఉప్పు చాలా ఎక్కువ కాబట్టి పిల్లలను నోట్లో పెట్టుకోనివ్వకండి.

పేపర్ ప్లేటు మీద దూది అంటించిన మంచుబొమ్మ ఐదు నిమిషాల పని. సగం దూది పాప జుట్టుకే అంటుకుంది.

కాగితపు చెట్టుకు గుండీలు అంటించమన్నారు. గొంతులో అడ్డుపడతాయన్న భయంతో వాటి బదులు పాప వేళ్లతో రంగు చుక్కలు పెట్టించాను. చెట్టు మీద పదకొండు, గోడ మీద నాలుగు పడ్డాయి.