చిలికి చిలికి గాలివానా, చినికి చినికి గాలివానా?

అందరికీ నమస్కారం. ఒక సామెత గురించి అడగాలని రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

నేను భాష చదువుకున్నవాణ్ణి కాను. మాది గుంటూరు వైపు, ఉద్యోగం కోసం పటాన్‌చెరు దగ్గర ఉంటున్నాను. వేసవి వచ్చిందంటే నా సాయంత్రాలన్నీ డాబా మీదే. పడమట వికారాబాద్, జహీరాబాద్ వైపు మబ్బు ఎక్కడ లేస్తోందో, ఎటు కదులుతోందో చూస్తూ, మధ్యమధ్యలో ఫోన్లో హైదరాబాద్ డాప్లర్ రాడార్ బొమ్మ తెరుస్తూ కూర్చుంటాను. ఈ పిచ్చి ఉన్నవాళ్ళం పది పన్నెండు మందిమి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. "మీ దగ్గర గాలి లేచిందా?", "సదాశివపేటలో రాళ్ళు పడుతున్నాయి" అని ఒకరికొకరం చెప్పుకుంటూ ఉంటాం.

మొన్న మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ వాళ్ళకు ఒక మెసేజ్ పెట్టాను: "ఐదు లోపు వచ్చేస్తుంది, ఆరేసిన బట్టలు తీసేసుకోండి. చినికి చినికి గాలివాన అయ్యే రకం కాదిది, వస్తూనే గాలివాన." మూడో అంతస్తులో ఉండే మాస్టారు, తెలుగు చెప్పి రిటైరైనవారు, వెంటనే దిద్దారు: "చినికి కాదు నాయనా, చిలికి." వాన ఐదు దాటాక వచ్చి, ఆరింటికల్లా వెళ్ళిపోయింది. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

ఏది సరి అన్నది మొదటి సందేహం. రెండోది నాకు ఇంకా పెద్దది. నేను చూసిన ఏ వేసవి గాలివానా చినుకులతో మొదలవలేదు! మొన్నటి సంగతే చూడండి. మూడింటికి 41 డిగ్రీలు. ఆకు కదలడం లేదు. పడమట తెల్లగా, పువ్వు విచ్చినట్టు గుత్తులు గుత్తులుగా లేచిన మబ్బు నాలుగున్నరకల్లా పైన చదునై, కమ్మరి దాగలిలా (ఇనుము పెట్టి సుత్తితో కొట్టే దిమ్మలా) ముందుకు సాగింది. అడుగు భాగం సీసం రంగు. ఐదుంపావుకు ఎక్కడో తలుపు దభేలుమంది. అంతే, దుమ్ము, ఎండుటాకులు, ఎవరిదో ప్లాస్టిక్ బకెట్ అన్నీ ఒకేసారి లేచాయి. పదిహేను నిమిషాల్లో ఉష్ణోగ్రత 27కు దిగింది. అప్పటికి ఇంకా ఒక్క చుక్క పడలేదు. ఆ తర్వాత పడ్డవి చినుకులా? రూపాయి బిళ్ళంత చుక్కలు, టపటపా.

దీనికి కారణం ఉంది. మబ్బులోంచి దిగే వాన కింద ఉన్న పొడిగాలిలో పడి కొంత ఆవిరైపోతుంది. ఆవిరవుతూ ఆ గాలిని చల్లబరుస్తుంది. చల్లబడ్డ గాలి బరువెక్కి ఒక్కసారిగా కిందికి దూకి, నేల తగిలి నలువైపులా పరుచుకుంటుంది. అందుకే వానకంటే గాలి ముందుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో దక్కన్ మీద మబ్బు అడుగు చాలా ఎత్తున ఉంటుంది, కింద పొడి కూడా ఎక్కువ, కాబట్టి ఈ దెబ్బ మరీ గట్టిగా ఉంటుంది.

మరి చినుకు చినుకుగా మొదలై గాలివాన అయ్యే వానను మన పెద్దలు ఎక్కడ చూశారు? ఇదీ నా ప్రశ్న.

సిద్దిపేట నుంచి

అన్నా, మా దిక్కు గాలివాన అనుడే తక్కువ. గాలిదుమారం అంటం. ముందుగాల మొగులు నల్లగైతది, గాలి బందైతది, ఒకటే ఉక్కపోత. అటెన్క దుమారం లేస్తది. ఏప్రిల్, మే నెలల్ల యాసంగి వడ్లు కొనుగోలు సెంటర్ల కాడ కుప్పలు పోసి ఉంటయి గదా, రైతులందరి చెవులు ఆ గాలి మీదనే ఉంటయి. "దుమారం లేసింది, వడ్లు కప్పుండ్రి" అని ఒకలు అరిస్తె అందరు టార్పాలిన్లు పట్టుకొని ఉరుకుతరు. చినుకు పడేదాక ఆగినోని వడ్లు తడిసినట్టే. నువ్వు చెప్పిన వరుస కరెక్టే, మా కాడ గాలే ముందు.

అనంతపురం నుంచి

మా పక్క ఇంకో రకం ఉంది. గాలి వస్తాది, ఎర్రదుమ్ము లేస్తాది, ఆకాశమంతా కమ్ముకుంటాది, వాన మాత్రం రాదు. మబ్బు కింద వాన తెరలు తెరలుగా దిగుతా కంటికి కనపడతాది, నేల మీదికి చేరదు. చిన్నప్పుడు ఆ తెరలు చూసి ఎన్నిసార్లు ఆశపడినామో. మీరు చెప్పిన ఆవిరి కథ అదే కదా, మాకాడ మొత్తం ఆవిరైపోతాది.

మాట సంగతికొస్తే, "చినుకుతాంది" అని మా అవ్వ అంటాండె. "బయట చినుకుతాంది, గోతం తలకేస్కో" అని. అంటే చినుకు పేరే కాదు, క్రియ కూడా. కానీ సామెత మాత్రం "చిలికి చిలికి" అనే విన్నా.

మచిలీపట్నం నుంచి

అన్నయ్యగారూ, మీ రెండో ప్రశ్నకు జవాబు మా ఊళ్ళో ఉంది. మీరు గాలివాన అంటే వేసవి సాయంత్రం ఉరుములతో వచ్చి గంటలో పోయేది అనుకుంటున్నారు. మా ఇంట్లో పెద్దవాళ్ళు గాలివాన అన్నారంటే అది తుఫానే. తుఫాను అన్న మాట రేడియోతో, పేపర్లతో వాడుకలో బలపడింది గానీ, మా నాయనమ్మ నోట నేనెప్పుడూ వినలేదు. దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నవంబరు 19ని కూడా ఆవిడ "ఆ గాలివాన రాత్రి" అనే చెప్పేది.

అది ఎలా మొదలవుతుందో విన్నాను, 1990 మే నెలలో స్వయంగా చూశాను కూడా. ముందురోజు ఈశాన్యం గాలి సన్నగా మొదలవుతుంది. చినుకులు. ఆగుతాయి. మళ్ళీ చిన్న జల్లు. ఎండ కూడా కాస్త కాస్తుంది. ఇదేం చేస్తుందిలే అనిపిస్తుంది. జల్లుకీ జల్లుకీ మధ్య విరామం తగ్గుతూ, ప్రతి జల్లుతోనూ గాలి ఒక మెట్టు పెరుగుతూ వస్తుంది. రేవులో ప్రమాద హెచ్చరిక నంబరు పెంచుతూ పోయినట్టే. రాత్రికి కొబ్బరి చెట్లు నేలకు వంగిపోతాయి. చినికి చినికి గాలివాన అంటే మాకు ఇది. చిన్న మాటతో మొదలై, ఆగినట్టే ఆగి, మళ్ళీ రేగి కొంప ముంచే తగాదాకి ఇంతకంటే సరైన పోలిక ఏముంది?

మొదటి పోస్టు రాసిన వాణ్ణి

అమ్మా, ఇది చదివి కాసేపు ఊరికే కూర్చుండిపోయాను. ఇన్నాళ్ళూ రాడార్ బొమ్మల్లో రెండిటినీ వేరువేరుగా చూస్తూనే ఉన్నాను, మాట ఒకటే కావడం వల్ల సామెత దగ్గర తికమకపడ్డాను. తుఫాను చుట్టూ వాన పట్టీలు సుడి తిరుగుతూ వందల కిలోమీటర్ల దూరం పరుచుకుని ఉంటాయి. బయటి పట్టీ ముందు తగులుతుంది, దాని తర్వాత ఖాళీ, తర్వాత లోపలి పట్టీ. మీరు చెప్పిన చినుకు, విరామం, జల్లు, విరామం సరిగ్గా అవే. వేసవి మబ్బుకు అంత తీరిక లేదు. ఒక్క మబ్బు పుట్టి, పెరిగి, కురిసి, చెదిరిపోవడానికి గంట చాలు.

అంటే ఈ సామెత పుట్టింది తీరం మీదే అని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఖరగ్‌పూర్ నుంచి

తాతగారి కాలం నుంచి రైల్వే కాలనీలో ఉన్న తెలుగువాళ్ళం. ఇక్కడ చైత్ర వైశాఖాల్లో సాయంత్రం వాయవ్యం నుంచి వచ్చే గాలివానకు బెంగాలీలో ప్రత్యేకంగా పేరుంది: కాల్‌బైశాఖీ. సైక్లోన్‌కు మాట వేరు. పేరు వేరయితే తికమకే ఉండదు. తెలుగులో వేసవి వానకు పేపర్లు "అకాల వర్షం" అని రాస్తుంటే నాకు బాధగా ఉంటుంది. ఏటా అదే నెలల్లో వచ్చేది అకాలం ఎలా అవుతుంది?

మొదటి పోస్టు రాసిన వాణ్ణి

నూటికి నూరుపాళ్ళు నిజం. వాతావరణ శాఖ మార్చి నుంచి మే దాకా ఉన్న కాలాన్ని రుతుపవనాలకు ముందు కాలంగా విడిగా లెక్కిస్తుంది, ఈ ఉరుముల వానలు ఆ కాలానివే. మామిడికి, వడ్లకు నష్టం జరుగుతుంది కాబట్టి ఆ మాట వాడతారని అర్థమవుతుంది. కానీ మన కార్తెల సామెతలు అంతకంటే నాజూగ్గా చెప్పాయి. అశ్వని కురిస్తే అంతా నష్టం, భరణి కురిస్తే ధరణి పండును. ఏప్రిల్ మధ్యలో పడితే చేతికొచ్చిన పంటకు చేటు, నెలాఖరు దాటి పడితే వేసవి దుక్కికి పదును. పదిహేను రోజుల తేడాకి తీర్పు మారింది చూడండి. దీని మీద విడిగా మాట్లాడుకుందాం, ఇక్కడ సామెత దారి తప్పుతుంది.

విజయనగరం నుంచి

చిలికి, చినికి తగువు నేను తీర్చే ప్రయత్నం చేస్తాను. భాషాశాస్త్రం చదువుకున్నాను.

చిలుకు అనగానే అందరికీ మజ్జిగ, కవ్వం గుర్తొస్తాయి. అందుకే "చిలికితే వెన్న వస్తుంది గానీ గాలివాన ఎలా వస్తుంది, కాబట్టి అది తప్పు" అంటారు. కానీ నీళ్ళు చిలకరించడం అంటాం కదా? అక్కడ కవ్వం లేదు, చుక్కలు చల్లడమే ఉంది. అంటే చిలుకు అన్న రూపానికి చుక్కలతో సంబంధం ముందునుంచీ ఉంది. ఇక ల, న ఒకదాని చోట ఒకటి రావడం తెలుగులో వింత కాదు. మునగ, ములగ రెండూ ఒకే చెట్టు. మీకు మునక్కాయ, కొందరికి ములక్కాడ. మా ఉత్తరాంధ్ర పల్లెల్లో లేదు అనేదాన్ని నేదు అంటారు. చినికి, చిలికి కూడా ఆ వరసలో పెట్టుకోవచ్చు. చినికి అంటే అర్థం తిన్నగా తెలుస్తుంది, చిలికి అంటే ఎక్కువమంది నోట నలిగింది. ఒకదాన్ని తప్పని కొట్టేయక్కర్లేదు. నన్ను రాయమంటే చినికి అనే రాస్తాను.

డల్లాస్ నుంచి

మీ చర్చ చదువుతుంటే మా టెక్సస్ వసంతకాలం గుర్తొస్తోంది. ఇక్కడ గాలివాన ముందు నేలకు దగ్గరగా, పొడుగ్గా, అరలాగా ఒక మబ్బు వస్తుంది, షెల్ఫ్ క్లౌడ్ అంటారు. అది నెత్తి మీదికి వచ్చిందంటే గాలి కొట్టినట్టే. మా పిల్లలకు తెలుగులో ఏమని చెప్పాలో తెలియడం లేదు.

సిద్దిపేట నుంచి

చూరు మబ్బు అనుండ్రి. పెంకుటింటి చూరు లెక్క ముందుకు వంగి ఉంటది. నేను రెండుసార్లు చూసిన.

మొదటి పోస్టు రాసిన వాణ్ణి

చూరు మబ్బు! ఇంతకంటే మంచి మాట నాకు దొరకదు. ఇవాళ్టి నుంచి మా గ్రూపులో ఇదే వాడతాం. పైన చదునుగా సాగే భాగానికి దాగలి, ముందు వంగేదానికి చూరు. ఇల్లూ కమ్మరి కొట్టూ ఆకాశంలోకి ఎక్కినట్టుంది.

విజయనగరం వారు చెప్పినది నాకు నచ్చింది. ఒక్క మాట చేరుస్తాను. ఇది పదచరిత్ర కాదు, మబ్బులు చూసేవాడి ఊహ మాత్రమే. వేసవి మబ్బు లోపల జరిగేది నిజంగా చిలకడమే. కింది నుంచి వేడిగాలి పైకి తంతుంది, చల్లబడ్డది కిందికి దిగుతుంది, కవ్వపు తాడు రెండు వైపులా లాగినట్టు. మనకు వేసవిలో అయిదు కిలోమీటర్ల ఎత్తు దాటితే నీరు గడ్డకట్టే చలి. పైకెళ్ళిన నీటిబొట్టు అక్కడ గడ్డకట్టి, మంచు పొర మీద పొర చుట్టుకుని, ఇక గాలి మోయలేనంత బరువయ్యాక రాలుతుంది. వడగల్లును మధ్యకు కోస్తే ఆ పొరలు ఉల్లిపాయలో లాగా కనిపిస్తాయి. గల్లు అంటే రాయి, ఓరుగల్లులో ఉన్నదే. ఇల్లు ఇండ్లు అయినట్టు వడగల్లు వడగండ్లు అవుతుంది. సిద్దిపేట వైపు రాళ్ళవాన అనేదీ అదే. ఆ రాళ్ళు ఆకాశం చిలికిన వెన్నముద్దలని ఇక నాకు అనిపించకుండా ఉండదు.

కాబట్టి సముద్రం మీంచి వచ్చేదానికి చినికి, దక్కన్ మీద లేచేదానికి చిలికి అని నా మటుకు నేను పెట్టుకుంటున్నాను. ఎవరినీ దిద్దను.

మచిలీపట్నం నుంచి

వెన్నముద్దలు బాగున్నాయి గానీ, డాబా మీద నుంచి ఎప్పుడు దిగుతారు మీరు? పిడుగు సంగతి ఏమిటి?

మొదటి పోస్టు రాసిన వాణ్ణి

ఉరుము వినపడగానే దిగిపోతానమ్మా. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లయితే కిలోమీటరు దూరం, కానీ లెక్కపెట్టేది కిటికీ లోపల నుంచే. ఫోన్లో దామిని యాప్ కూడా ఉంది, చుట్టూ ఎక్కడ పిడుగు పడిందో చూపిస్తుంది.

పొద్దున మెట్ల మీద మాస్టారు కనిపించారు. మన చర్చంతా చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "మా అమ్మది భీమునిపట్నం. వానకు చినుకుతోంది అనేది, సామెతకు చిలికి అనేది. డెబ్భై ఏళ్ళుగా రెండూ నా చెవిలో ఉన్నాయి, పక్కపక్కన పెట్టి చూడలేదు."

మీ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఈ సామెత ఎలా అంటారో, వాళ్ళది ఏ ఊరో ఒక్క వాక్యం రాయండి. సముద్రానికి దగ్గరా దూరమా అన్నది కూడా. జహీరాబాద్ మీద మబ్బు అప్పుడే దాగలి పరుస్తోంది, నేను పైకి వెళ్తున్నాను. రాత్రికి వచ్చి అన్నీ చదువుతాను.